అధ్యక్షుడును పల్లెసంఘమును
డోర్నకల్ మండలపు క్రైస్తవసంఘముల చరిత్రము

అధ్యక్షశబ్ద విచారము

క్రైస్తవసంఘములలో పరిపాలనావిధానమునుబట్టి మూడు భేదములు ప్రసిద్ధములై యున్నవి. పెద్దల సభచే నడపబడునది యొకటి. ఏ గ్రామసంఘమునకు ఆ గ్రామసంఘమే స్వతంత్రముగా నుండునది మఱియొకటి. బిషపు అను ప్రధానగురువు పాలనమున అనేక గ్రామసంఘములు చేరియుండునది మూడవది. ఈ మూడవదానికే ఎపిస్కోపల్ సంఘమని పేరు. ఇంగ్లండుదేశపు సంఘము ఈ తెగలోనిది. దానితో సహవాసముగల సంఘములు స్కాట్లండులోను అమెరికాలోను ఈ పేరుతోనే వ్యవహరింపబడుచున్నవి. తెలుగుదేశమున బాప్టిస్టులు, లూథరనులు మున్నగువారు వేఱువేఱు ప్రదేశములలో సంఘములను స్థాపింపగా, కృష్ణా గోదావరీ మండలములలోను, కడప కర్నూలు ప్రాంతములలోను, నిజామురాజ్యపు తూర్పుభాగమునను ఈ ఎపిస్కోపల్ సంఘము వ్యాపించెను.

ఎపిస్కోపల్ అను మాటకు మూలమైన గ్రీకుపదమున రెండంశములు గలవు. 'ఎపి' యనగా పైన. 'స్కోపోస్' అనగా చూచువాడు. ఈ రెండవ యంశమునకు మూలమైన ధాతువును, సంస్కృతమున చూచుటయను నర్థముగల 'స్పశ్' ధాతువును ఒకే ప్రాచీనమూలమునుండి వచ్చినవని భాషాశాస్త్రవేత్తలు నిర్ణయించియున్నారు. తెలుగు బైబిలు భాషాంతరీకర్తలు ఈ పదమునకు 'అధ్యక్షుడు' అని వ్రాసిరి. ఇంతకంటె తగిన పదము దొరకుట దుర్లభము. 'అధి' యను నుపసర్గము 'ఎపి'కిని, అక్షశబ్దము చూపునకును సరిపోవుచున్నవి. బిషపు పాలించు ప్రదేశమునకు అధ్యక్షమండలమను పేరును ఇట్లే యేర్పడినది.

ఈ పదమును గూర్చి వ్యాకరణకోశములు చెప్పు రెండు విశేషములు ప్రకృతవిషయమునకు మిక్కిలి ఉపకరించునవి. స్వస్వామిసంబంధమును తెలుపునపుడు 'అధి'కి పాణిని కర్మప్రవచనీయసంజ్ఞను విధించెను. కాశికావృత్తి యీ సూత్రమునకు బ్రహ్మదత్తుడను రాజును పంచాలజనులను ఉదాహరణముగా గొని, సప్తమీవిభక్తి యొకప్పుడు రాజును జెప్పు పదమునకును, ఒకప్పుడు ప్రజను జెప్పు పదమునకును రావచ్చునని చూపినది. అనగా సంబంధ మొక్కటియే యైనను, దానిని రాజు పక్షమునుండియు చెప్పవచ్చును, ప్రజల పక్షమునుండియు చెప్పవచ్చును. ఇక అమరకోశపు నానార్థవర్గమున అధ్యక్షశబ్దమునకు అధికారి యనియు, ప్రత్యక్షమైనది యనియు రెండర్థములు చెప్పబడినవి. చూచువాడును, కనబడునదియు ఒకే మాటకు అర్థములైనవి.

తెలుగుదేశపు ఎపిస్కోపల్ సంఘముల చరిత్ర మింతవఱకు విశేషముగా ఇంగ్లీషుభాషలో, మిషనరీల నివేదికలనుండియు బిషపుల జీవితములనుండియు వ్రాయబడినది. అది రాజు పక్షమున చెప్పబడిన వాక్యము. పల్లెసంఘమును ముఖ్యముగా జేసి చెప్పవలసిన రెండవ వాక్యము తెలుగున నింకను పూర్తిగా వ్రాయబడలేదు. ఆ వాక్యమునకు వలసిన సామగ్రి యెక్కడ గలదో చూపుట ఈ వ్యాసమున కుద్దేశ్యము.

బందరును రాఘవాపురమును

క్రీ. శ. 1841 వ సంవత్సరమున ఇంగ్లండులోని చర్చి మిషనరీ సంఘముచే పంపబడిన రాబర్టు నోబిలు, హెన్రీ ఫాక్సు అను నిద్దఱు మచిలీపట్టణమునకు వచ్చిరి. ఫాక్సు తెలుగు నేర్చి గ్రామములు తిరిగెను గాని, ఆరోగ్యము చెడి స్వదేశమునకు మరలి 1848 లో మృతినొందెను. నోబిలు 1843 లో పాఠశాలను స్థాపించి, 1865 లో మరణించువఱకు బందరులోనే యుండెను. విద్యావంతులైన పై కులములవారు మొదట చేరినచో తక్కినవారు వారి ననుసరింతురని యానాటి మిషనరీలలో పలువుర యభిప్రాయము. నోబిలు పాఠశాలలో చదివినవారిలో కొలదిమంది బ్రాహ్మణయువకులు క్రైస్తవమతమును స్వీకరించిన మాట నిజమే. కాని వారివెంట గ్రామములు కదలలేదు.

గ్రామములు కదలినది మఱియొక చోటినుండి. బెజవాడకు కొంతదూరమున నున్న రాఘవాపురమున పగోలు వెంకయ్య యను మాల కులస్థు డుండెను. అతడు విగ్రహములయందు విశ్వాసము పోయి, సృష్టికర్తయైన దేవు డెవరో తనకు కనబడవలెనని చాలకాలము ప్రార్థించుచుండెననియు, కృష్ణాస్నానపు పండుగకు బెజవాడకు వచ్చినపుడు అచ్చటి మిషనరీయైన డార్లింగు మాట విన్నాడనియు సంఘసంప్రదాయము చెప్పుచున్నది. 1859 లో నతడును అతని బంధువులును బాప్తిస్మము పొందిరి. వెంకయ్య జీతము పుచ్చుకొనక తన యాయుశ్శేష మంతయు చుట్టుపట్ల గ్రామములలో బోధించెను. అతని బంధుత్వములు వ్యాపించిన త్రోవనే సంఘములును వ్యాపించినవి.

ఇచ్చట గమనింపదగిన విషయము రెండున్నవి. మొదటిది, ఈ ప్రచారమునకు త్రోవ మిషనరీ కచేరీలో గీయబడినది కాదు. వియ్యములు, చుట్టరికములు, కూలిపనికి పోయి వచ్చు దారులు దానిని గీచినవి. రెండవది, కాలమునకు సంబంధించినది. మాల మాదిగలు తిండికొఱకు క్రైస్తవులైరను నపవాదము తఱచుగా వినబడుచుండును. చెన్నపురి రాజధానిని పీడించిన గొప్ప కఱవు 1876 మొదలు 1878 వఱకు జరిగినది. ఆ కఱవు ముగియుతఱి ఒంగోలు ప్రాంతమున అమెరికను బాప్టిస్టుసంఘమునందు 1878 జూలై 3 వ తేదీని ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ ప్రసిద్ధవృత్తాంతమును జూచి అన్ని సంఘముల పుట్టుకయు కఱవునుండియే యని కొంద ఱూహింతురు. రాఘవాపుర సంఘము ఆ కఱవునకు పదునేడేండ్లు ముందే పుట్టినది. ఆ పుట్టుక ఒక మనుష్యుని ప్రశ్ననుండి కలిగినది.

డోర్నకల్

దక్షిణమున తిరునల్వేలి మండలమునందలి తమిళ క్రైస్తవులు 1903 లో ఒక స్వదేశీయ మిషనరీ సంఘమును స్థాపించిరి. అందలి ముఖ్యులలో వేదనాయకం సామ్యూల్ అజరయ్య యొకడు. అతడు 1874 ఆగస్టు 17 వ తేదీని వెళ్లాళన్‌విళై యను పల్లెలో పుట్టెను. తండ్రి ఆ ప్రాంతమున గ్రామసంఘపు గురువు. ఈ సంఘమువారు తమ ధనముతో తమవారినే దూరదేశమునకు పంపవలెనని నిశ్చయించి, నిజామురాజ్యమునందలి డోర్నకల్ ప్రాంతము నెన్నుకొని, 1904 లో మొదటి బోధకుని పంపిరి. డోర్నకల్ అప్పటికి సింగరేణి బొగ్గుగనులకు శాఖ చీలు రైలుకూడలి. కూడలి యన్న పేరేగాని చుట్టును అడవియు, చిన్నపల్లెలును. నేడది తెలంగాణమున మహబూబాబాదు జిల్లాలోనిది.

అజరయ్య 1909 లో దీక్ష పొంది తానే డోర్నకల్‌నకు వచ్చెను. తమిళము మాతృభాషయైన యతడు తెలుగు నేర్చుకొని, గుడారమున నివసించుచు పల్లెలు తిరిగెను. 1910 లో ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాటలాడుచు, పాశ్చాత్య మిషనరీలు ఇండియా క్రైస్తవులకు సేవ చేసిరి, దానము చేసిరి, స్నేహము మాత్ర మింకను ఇయ్యవలసియున్నదని చెప్పెను. ఆ మాట సభవారిలో కొందఱికి నొప్పి కలిగించెను. రెండేండ్లకు, 1912 డిసెంబరు 29 వ తేదీని, కలకత్తా నగరపు సెంటుపాల్ ప్రధానదేవాలయమున అతడు డోర్నకల్ బిషపుగా ప్రతిష్ఠింపబడెను. ఆంగ్లికను సంఘమున బిషపుపదవి నందిన ఇండియనులలో నతడే ప్రథముడు. ఇండియా బిషపు క్రింద ఆంగ్లేయులు పనిచేయుట యెట్లను శంక యప్పుడు పలువురకు కలిగెను. చెన్నపురి బిషపు హెన్రీ వైట్‌హెడ్ ఆ శంకలను లెక్కచేయక యీ కార్యమును నెరవేర్చెను. దక్షిణదేశపు గ్రామదేవతలను గూర్చి యింగ్లీషున గ్రంథము వ్రాసినవాడు ఇతడే.

ఆరంభమున చిన్నదైన యీ మండలమున కొన్నియేండ్లకు కృష్ణా గోదావరీ మండలముల సంఘములు కూడ చేరినవి. ఈ విధముగా రాఘవాపురపు వెంకయ్య సంతతియు, తిరునల్వేలి బోధకుల శిష్యులును ఒకే అధ్యక్షుని మండలములోనివారైరి. 1945 జనవరి 1 వ తేదీని అజరయ్య డోర్నకల్‌లో మృతినొందునాటికి మండలపు క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు మించియుండెను. వీరిలో నత్యధికులు మాల మాదిగ పల్లెలలోని వ్యవసాయపు కూలీలు.

పల్లెసంఘపు జీవితము

ఇంత పెద్ద సంఖ్య యైనను, అది పదులు ఇరువదులు కుటుంబములుగల చిన్నచిన్న పల్లెసంఘముల మొత్తమే. ఊరికి వెలుపల మాలపల్లె. దానికి ఎడముగా మాదిగపల్లె. అందొక మట్టిగోడల తాటాకుల పాక. పగటివేళ అది పిల్లల బడి, రాత్రివేళ గుడి. దానిని నడపువాడు ఉపదేశి. తోడుగా నుండునది అతని భార్య. గురువు నెలకొకసారియో రెండుసారులో వచ్చి సంస్కారముల జరుపును. బిషపు ఏడాదికో రెండేండ్లకో యొకసారి యెడ్లబండిమీద వచ్చును. కావున దినదినమును ఆ సంఘమునకు కన్నును నోరును ఉపదేశియే. అతని జీతము కొంచెము, చదువును కొంచెమే. డోర్నకల్‌లో గురువులకును ఉపదేశులకును శిక్ష యేర్పడినపుడు, వారి భార్యలకును చదువు చెప్పు నేర్పాటు జరిగెను. బిషపు భార్య అంబు మరియమ్మాళ్ ఆ పనిలో ముఖ్యురాలు.

కూలివారు పొలమునుండి వచ్చి గంజి త్రాగిన పిదప గంట మ్రోగును. ఒక్క ఆముదపు దీపము వెలుతురున ఉపదేశి చెప్పగా అందఱును చెప్పుదురు. ప్రభువు నేర్పిన ప్రార్థన, పది యాజ్ఞలు, విశ్వాసప్రమాణము, కొన్ని కీర్తనలు, బైబిలు కథలు - ఇవి కంఠస్థము కావలెను. అక్షరములు రానివారికి చెవియే పుస్తకము. వేదాధ్యయనము గురుముఖమున జరిగిన దేశమున ఈ పద్ధతి క్రొత్తదికాదు. ఆ యధ్యయనమునకు దూరముగా నుంచబడినవారికి లభించుట మాత్రమే క్రొత్త. పద్ధతి పాతది యగుటచేతనే కాబోలు, పల్లె దానిని సులభముగా గ్రహించెను.

బాప్తిస్మకాలమున పాటింపబడిన యొక ఆచారము చెప్పదగినది. బాప్తిస్మము పొందినవాడు తన చేతిని తన తలమీద నుంచుకొని, సువార్తను ప్రకటింపనిచో తనకు శ్రమ యని పౌలు చెప్పిన మాటను తనకు తానే చెప్పుకొనవలెనని అజరయ్య నేర్పెను. ఒట్టు పెట్టుకొనుటలో తలమీద చేయి వేయుట తెలుగువారికి పరిచితమే. క్రొత్త యర్థమునకు పల్లెయాచారము చిహ్నమైనది.

సంఘపు ఖర్చులకు పిడికిటి బియ్యము మూలధనము. ఇంటి యిల్లాలు పూటపూటకు వంటకు కొలుచుకొన్న బియ్యమునుండి ఒక పిడికెడు తీసి వేఱుగా నొక కుండలో వేయును. ఆదివారమున అన్ని కుండల బియ్యమును గుడికి చేరును. కోతలైనపిదప కోతపండుగ. అప్పుడు మొదటి పనలు, జొన్నకంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, గ్రుడ్లు తెచ్చి అర్పింతురు. ఆరాధన ముగిసినపిదప వానిని వేలము వేయుదురు. పేదసంఘము కూడ ఇచ్చుట నేర్వవలెనని అజరయ్య పట్టుపట్టెను. క్రైస్తవదానమును గూర్చి ప్రత్యేకముగా నొక గ్రంథమును వ్రాసెను. పైన చెప్పిన యపవాదమున కిదియే సమాధానము. బియ్యముకొఱకు చేరిరని లోకము నిందించినవారు తమ కుండలోని బియ్యమును తాము వేఱుచేసి యిచ్చిరి. అట్లిచ్చినవారిలో పలువురకు ఆ పూట కడుపునిండ అన్నము లేదు.

మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నీ నాలుగును పల్లెసంఘమునకు శత్రువులని బిషపు వెళ్లినచోటనెల్ల బోధించుచుండెను. వీనిలో అప్పు మిక్కిలి బలమైనది. పాలేరుతనమునకు అదియే సంకెల. పరస్పరసహాయ సంఘములు స్థాపించుట దానికి ప్రతీకారముగా నేర్పడెను. 1930 ప్రాంతముల శూద్రకులములవారును కొన్నిచోట్ల ఈ సంఘములలో చేరసాగిరి. మాలమాదిగల జీవితమున కలిగిన మార్పును కన్నులార చూచుటయే దానికి ముఖ్యకారణమని యానాటి పరిశీలకులు వ్రాసిరి.

మతాంతరీకరణమును గూర్చి గాంధీమహాత్మునికిని అజరయ్యకును తీవ్రమైన యభిప్రాయభేద ముండెను. మతముల తారతమ్యమును నిర్ణయించు వివేచనము హరిజనులకు లేదని 1936, 1937 సంవత్సరములలో 'హరిజన్' పత్రికలో గాంధీ వ్రాసెను. పల్లెవారి మనస్సు నెఱిగినవాడై అజరయ్య దీని నంగీకరింపలేదు. ఆ వాదమున ఎవరి పక్షము గొన్నను, చరిత్రకారు డొకటి మఱువరాదు: వివేచనము కలదా లేదా యని ఇద్దఱు పెద్దలు విచారించుచున్నది ఎవరినిగూర్చియో, ఆ జనుల నోటిమాట ఆ వాదమున నెక్కడను వ్రాయబడలేదు.

సంఘమునకు లోపల తీఱని చిక్కొకటి యుండెను. మాలలును మాదిగలును ఒకరి యింట నొకరు తినరు, ఒకరి బావిలో నొకరు తోడరు. ఒకే గుడిలో కూర్చుండి, ఒకే పాత్రమునుండి ప్రభుభోజనమున పాలుగొనుట వారికి సుకరమైన పని కాదు. అధ్యక్షుడు దీనిని నిర్బంధముగా విధించెను. అనేక గ్రామములలో ఆ యొకే పాత్రము నిలిచినది. కాని పల్లెలు రెండుగానే యుండినవి. వివాహములును ఎవరి కులములో వారికే జరుగుచు వచ్చినవి. ఈ సత్యమును మఱుగుపఱచిన చరిత్రము స్తుతియగునుగాని చరిత్రము కాదు.

పల్లెసంఘపు తెలుగు

సాహిత్యపరిశోధకులకు ముఖ్యమైన విషయ మిది. ప్రార్థనగ్రంథమును బైబిలును గ్రాంథికభాషలో నున్నవి. అనుగ్రహము, కటాక్షము, ప్రాయశ్చిత్తము, పునరుత్థానము, నిత్యజీవము మొదలగు పదములు, భూతభవిష్యత్క్రియల గ్రాంథికరూపములు, మాలపల్లె ఆరాధనలో వారమువారమును వినబడినవి. 1911 లో ఆంధ్రసాహిత్యపరిషత్తు స్థాపింపబడినది. ఆ యేండ్లలోనే గిడుగు రామమూర్తిపంతులు వ్యావహారికభాషాపక్షమునను, జయంతి రామయ్యపంతులు గ్రాంథికభాషాపక్షమునను నిలిచి వాదించిరి. గ్రాంథికభాష సామాన్యులకు తెలియునా తెలియదా యని పండితులు సభలలో తర్కించుచుండగా, అక్షరము రాని కూలివారు ఆ భాషను కంఠస్థము చేసి, దానిలో తమ దుఃఖమును దేవునికి చెప్పుకొనుచుండిరి. ఆ భాష వారికి ఎంత బోధపడెను, ఏ పదముల నెట్లు మార్చి పలికిరి, ఏ పదములు వారి నిత్యవ్యవహారమున దిగినవి, అని యుభయపక్షములవారిలో ఎవరును ఆ పల్లెల కేగి విచారించినట్లు కనబడదు. ఆ వాదమునకు అంతకంటె మంచి సాక్ష్య మెచ్చట దొరకును?

పాటల విషయమునను ఇట్లే. పురుషోత్తమ చౌదరి (1803-1890) ఈ ఎపిస్కోపల్ సంఘమునకు చెందినవాడు కాకపోయినను, రాగతాళయుక్తములైన యతని క్రైస్తవకీర్తనలు సంఘభేదము లేక తెలుగుదేశ మంతట పాడబడినవి. అచ్చుపడిన యీ కీర్తనలుగాక, పల్లెలలో భజనలు, కోలాటములు, కథాకాలక్షేపములు వెలసినవి. అజరయ్య వీనిని ప్రోత్సహించెను. వివాహమున మంగళసూత్రము కట్టుట మొదలగు దేశాచారములును సంఘములలో నిలిచినవి. కోలాటపు పాటలలో యోసేపుకథ, తప్పిపోయిన కుమారుని కథ పల్లెనుడికారముతో నడచును. అట్టివానిలో పెక్కింటికి కర్త పేరు లేదు, ప్రతి లేదు. పాడువారు పోయినచో పాటయు పోవును.

పేరులును ఒక చరిత్రమే. ఊరివారు 'గాడు' చేర్చి పిలుచుచుండిన మనుష్యుడు సంఘపుపట్టీలో దేవసహాయము, కృపావరము, ప్రకాశము అయ్యెను. స్త్రీలు సువార్తమ్మ, దీవెనమ్మ, కరుణమ్మ లైరి. ఇవి హీబ్రూ పేరులకు అనువాదములు కావు. సంస్కృతాంధ్రపదములతో ఆ జనులు తమకు తాము కల్పించుకొన్న క్రొత్త నామావళి. పేరునకు 'గారు' చేర్చి యొకరినొకరు పిలుచుకొనుట పల్లెలో మొదట వినబడిన చోటు ఆ తాటాకుల పాకయే.

ప్రధానదేవాలయము

డోర్నకల్ ప్రధానదేవాలయము అనేకసంవత్సరములు కట్టబడి 1939 జనవరి 6 వ తేదీని ప్రతిష్ఠితమైనది. గోపురములును మీనారులును మసీదులను, శిలాస్తంభములు దేవాలయమంటపములను తలపించును; సిలువయు పద్మమును అందు చేరియున్నవి. ఇంగ్లండు నమూనాలో గుడి కట్టుట అలవాటైన కాలమున, ఈ దేశపు హిందూ మహమ్మదీయ శిల్పములను కలిపి క్రైస్తవాలయమును కట్టుట గొప్ప సాహసము. ఈ కట్టడమునకు ఎపిఫనీ దేవాలయమని పేరు. ఎపిఫనీ యనగా ప్రత్యక్షత. తూర్పుదేశపు జ్ఞానులకు శిశువైన క్రీస్తు ప్రత్యక్షమైన దినము జనవరి 6. ఆ దినముననే ప్రతిష్ఠ జరిగెను.

అమరకోశము అధ్యక్షశబ్దమునకు చెప్పిన రెండవ యర్థము ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనదగినది. ఊరిలోని వీథిని నడచుటకు కూడ హక్కులేని జనులు, ఎవరి చూపునను బడకుండ బ్రదుకవలసినవారు, రైలుకూడలి యొద్ద అందఱకు కనబడునట్లు నిలిచిన యొక శిలామందిరమును తమదని చెప్పుకొనగలిగిరి. ప్రతిష్ఠాదినము మొదలు ఏటేట పల్లెలనుండి బండ్లమీదను, కాలినడకను వచ్చినవారికి ఆ మందిరము శిల్పవైచిత్ర్యమునకంటె నీ కారణముచేతనే గొప్పది.

1947 తరువాత

భిన్నసంఘముల యైక్యమునకై 1919 లో తరంగంబాడిలో జరిగిన సమావేశము మొదలుకొని అజరయ్య పాటుపడెను. అతడు పోయిన రెండేండ్లకు, 1947 సెప్టెంబరు 27 వ తేదీని, చెన్నపట్టణమున దక్షిణ ఇండియా సంఘ మేర్పడెను. ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియను కాంగ్రిగేషనలు సంప్రదాయములవారు అందు చేరిరి. బిషపుపదవి నిలిచినది, అది శాసనబద్ధమై యెన్నికకు లోనైనది. డోర్నకల్ మండలమునుండి కృష్ణాగోదావరీ మండలము వేఱైనది. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికను సంఘములలో పెక్కు ఈ యైక్యమున చేరక చాలకాలము పూర్వసంప్రదాయముననే నిలిచి, తరువాత నీ సంఘమున చేరినవి. అధ్యక్షుని యెన్నికపద్ధతి, ప్రార్థనక్రమము అనునవి పెద్దల సభలలోని సంగతులే యని తలచువారికి నంద్యాల పల్లెలు ప్రత్యుదాహరణము. తమ ఆరాధన యే క్రమమున జరుగవలెనను విషయమున గ్రామస్థులకు గట్టి యభిప్రాయమే యుండెను.

స్వతంత్రభారతమున 1950 లో రాష్ట్రపతి చేసిన షెడ్యూల్డు కులముల యుత్తరువు హిందువులకు మాత్రమే ఆ గణనమును కల్పించెను. పిదప 1956 లో సిక్కులకును, 1990 లో బౌద్ధులకును అది విస్తరింపబడినది. క్రైస్తవులకు విస్తరింపబడలేదు. ఆంధ్రదేశమున మాల మాదిగ క్రైస్తవులు వెనుకబడిన తరగతులలో 'సి' వర్గముగా లెక్కింపబడిరి. ఈ యుత్తరువువలన కలిగిన ఫలము చరిత్రకారునికి సంబంధించినది కూడ. సర్కారుపట్టీలో నొక పేరు, సంఘపుపట్టీలో నొక పేరు, ఇట్లు రెండు పేరులతో బ్రదుకవలసినవారు పలువు రైరి. తాతముత్తాతల బాప్తిస్మపు పట్టీని ఇతరులకు చూపుటకు జంకు కలిగెను. ఒకనాడు గౌరవమిచ్చిన యాధారము మఱియొకనాడు దాచవలసిన కాగితమైనది.

చేయవలసిన పని

ఈ సంఘముల చరిత్రకు ఇంగ్లీషున నున్న మూలములు లండను మొదలగు నగరముల గ్రంథాలయములలో భద్రముగా నున్నవి. తెలుగున నున్న మూలములకు అట్టి రక్షణ లేదు. బాప్తిస్మ వివాహ సమాధుల పట్టీలు, ఉపదేశుల దినచర్యపుస్తకములు, కోలాటపుపాటల వ్రాతప్రతులు, సమాధులమీది శాసనములు, ముసలివారి నోటనున్న కథలు - ఇవియే ఆ మూలములు. చెదపురుగును, వానయు, మఱపును వీనికి శత్రువులు. పై యుత్తరువువలన కలిగిన జంకును గుర్తెఱిగి, పేరులను బయటపెట్టక, ఆ సంఘముల సమ్మతితోనే వీనిని సేకరింపవలయును. పల్లెలలోని పాఠశాలల పండితులకు ఈ పని యందుబాటులోనున్నది. పాటను వినునపుడు రాగమును, పలుకుబడిని, పాడినవారు నేర్చిన తావును గుఱించుకొనినను చాలును.

తాళపత్రముల వెదకుచు పండితులు అగ్రహారములకును సంస్థానములకును పోయినారు. అట్లు పోవుటచేతనే పెక్కు కావ్యములు దక్కినవి. ఊరికి వెలుపలి పల్లెకు పోయినవారు కొలదిమందియే. పంచాలజనుల పక్షమునుండి చెప్పిన వాక్యము కూడ సాధువే యని వ్యాకరణము అనుమతించియున్నది. రాఘవాపురపు వెంకయ్య అడిగిన ప్రశ్నయు, ఇల్లాలు వేఱుపెట్టిన పిడికిటి బియ్యమును, అక్షరము రానివారి నోట పలికిన గ్రాంథికమును ఆ వాక్యమునకు పదములు. ఆ పదములు చెదరిపోకమునుపే వానిని కూర్చుట తెలుగుభాషను పరిశోధించువారి పని.